మహమ్మారి రోజుల్లో మనసు బాగోకపోతే సాయం అందుకోవడం ఎలా

కరోనా రోజుల్లో ఇంటింటా వినపడిన మాట "అందరికీ ఉన్నదేగా". రాత్రి మూడింటిదాకా నిద్ర పట్టట్లేదంటే అందరికీ ఉన్నదేగా, గుండె దడగా ఉంటోందంటే అందరికీ ఉన్నదేగా, ఊరికే ఏడుపొస్తోందంటే దేశమంతా అలాగే ఉంది, నువ్వొక్కదానివే కాదు. అన్నవాళ్ళు ఓదార్పుగానే అన్నారు. కానీ ఆ మాట విని డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు ఎంతోమంది నెలల తరబడి ఆగిపోయారు. జ్వరం కూడా ఊరందరికీ వచ్చింది, అయినా ఎవరి జ్వరానికి వాళ్ళు టెస్ట్ చేయించుకుని మందు వేసుకున్నారు కదా, మనసు సంగతీ అంతే.

అలాంటి రోజులు మళ్ళీ వచ్చినా, ఆ రోజులు మిగిల్చిన బాధ మీలో ఇంకా ఉండిపోయినా, ఏ వరసలో ఏం చేయాలో ఇక్కడ చెబుతున్నాను. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళ సంగతి ముందు. వాళ్ళకు మిగతాదంతా చదివే ఓపిక ఉండదు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

చనిపోవాలన్న ఆలోచన మీకు వస్తోంటే, లేదా ఇంట్లో ఎవరైనా "నేను లేకపోతేనే మీకు హాయి" లాంటి మాటలు అంటోంటే, చదవడం ఆపి 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే మానసిక సాయం హెల్ప్‌లైన్ నంబర్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అది కలవకపోతే 1800 891 4416. ఇప్పటికే ఏదైనా మింగేసి ఉంటే మాత్రం హెల్ప్‌లైన్ల జోలికి పోకుండా 108కి చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. పురుగుల మందు తాగినవాళ్ళకు ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, చింతపండు నీళ్ళు పట్టించి కక్కించకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. మందు డబ్బా గానీ, ఖాళీ మాత్రల షీట్లు గానీ వెంట పట్టుకెళ్ళండి, లోపలికి ఏం పోయిందో డాక్టర్‌కు వెంటనే తెలియాలి.

"ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసవుతుంది" అని ఇంట్లోనే పెట్టుకునేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. ఆసుపత్రివాళ్ళు పోలీసులకు చెప్పే మాట నిజమే, కానీ మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉండే అలా చేశారని భావించాలి, ఆ కారణంగా వాళ్ళను శిక్షించకూడదు. ఈ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. కేసు భయంతో గంట ఆలస్యం చేయకండి.

అనుమానం ఉంటే సూటిగా అడగండి. "అక్కా, చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?" అని అడిగితే లేని ఆలోచన కొత్తగా రాదు, పైగా ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయిన మనిషికి అప్పుడే నోరు పెగులుతుంది. అవునంటే తిట్టకండి, పిల్లల మీద ఒట్టు వేయించుకోకండి, ఆ పూటకు పక్కనే ఉండండి. ఇంట్లో పొలం మందులు ఉంటే వేరే ఇంటికి పంపేయండి, నెలవారీ మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకుని ఏ పూటకా పూట ఇవ్వండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఆ ఆలోచన ఉధృతంగా ఉండే సమయం చాలామందికి కాసేపే ఉంటుంది, ఆ కాసేపట్లో ఆ వస్తువు చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు.

మొదట, మీకు సాయం కావాలా అన్నది తేల్చుకోండి

భయం, దిగులు, కోపం మహమ్మారిలో ఎవరికైనా వస్తాయి, వాటన్నిటికీ డాక్టర్ అక్కర్లేదు. చూడాల్సింది రెండు: ఎన్నాళ్ళుగా ఉంది, మీ రోజును ఎంత పాడుచేస్తోంది. రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉండి, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాక, నిద్రో ఆకలో తప్పి, వంటో ఆఫీసు పనో పిల్లల సంగతో చూసుకోలేకపోతుంటే ఇక ఆగక్కర్లేదు. దిగులు ఎంతుందో చూసుకోవడానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది, ప్రపంచమంతా డాక్టర్లు వాడేదే, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొత్తం 27 మార్కులు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడాలన్నది మామూలు లెక్క. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపించడం గురించి, దానికి సున్నా కాకుండా ఇంకేం వచ్చినా మొత్తం ఎంతన్నది చూడకుండా ఫోన్ చేయండి. అయితే ఆ కాగితం జబ్బు పేరు చెప్పదు, మీకు మీరే జబ్బు పేరు పెట్టేసుకుని మెడికల్ షాపుకు వెళ్ళకండి.

మన పెద్దవాళ్ళు "దిగులుగా ఉంది" అనరు. ఒళ్ళంతా మంటలు, తల భారం, కడుపులో తిప్పుతోంది, ఏదో గుండెలో పట్టేసినట్టుంది అంటారు. టెస్టులన్నీ మామూలుగా వచ్చినా అవే మాటలు వారాల తరబడి అంటోంటే అది మనసు సంగతి కావచ్చు, నటన అనుకోకండి.

ఆయాసం విషయంలో గందరగోళం మరీ ఎక్కువ. 2021 ఏప్రిల్, మే నెలల్లో, ఆక్సిజన్ కోసం జనం పరుగులు తీసిన రోజుల్లో, పల్స్ ఆక్సీమీటర్ వేలి నుంచి తీయకుండా కూర్చున్నవాళ్ళు చాలా ఇళ్ళలో ఉన్నారు. 97 చూపించాక కూడా ఊపిరి అందనట్టే ఉంటుంది, మళ్ళీ పెట్టి చూస్తారు, 96 వస్తుంది, ఒక్క అంకె తగ్గేసరికి గుండె దడ మొదలై ఊపిరి ఇంకా బిగుస్తుంది. డాక్టర్ చెప్పినన్నిసార్లే, మూడో నాలుగో టైములు పెట్టుకుని చూడండి, చూసి కాగితం మీద రాసి మీటర్ ఇంట్లో ఇంకొకరి చేతికి ఇచ్చేయండి. గోళ్ళరంగు, గోరింటాకు ఉన్న వేలికీ చల్లబడిపోయిన వేలికీ అంకె తప్పుగా రావచ్చు, వేలు మార్చి చూడండి. 94 కంటే తగ్గితే అది ఊపిరితిత్తుల సంగతి, వెంటనే ఆసుపత్రి. ఛాతీలో నొప్పి వస్తే అంకె ఎంత ఉన్నా డాక్టర్‌కు చూపించాకే "టెన్షన్ వల్ల" అని అనుకోండి, ముందే అనేసుకోకండి.

ఫోన్ చేసే ముందు, చేసినప్పుడు

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నంబర్ ఉంటుంది, ఫోన్ చేతిలో ఉంటుంది, ఏం చెప్పాలో తెలియదు. ఒక చిన్న కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి: ఎప్పటి నుంచి, ఏమేం అవుతోంది, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ (బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలతో సహా), మీకు ఏం కావాలి. అందంగా రాయక్కర్లేదు.

14416కి చేస్తే ముందు రికార్డు చేసిన గొంతు భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకున్నాక కౌన్సెలర్ లైన్లోకి వస్తారు. అవసరమనిపిస్తే వాళ్ళే సైకియాట్రిస్ట్‌కు కలుపుతారు, లేదా మీ జిల్లాలో ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. మొదటి మాట తోచకపోతే ఇలా మొదలుపెట్టండి: "అమ్మా, నేను విజయనగరం జిల్లా నుంచి మాట్లాడుతున్నాను. మా నాన్నగారు పోయి రెండు నెలలైంది, చివరిచూపు కూడా దొరకలేదు. అప్పటి నుంచి నిద్ర లేదు, పనికి వెళ్ళలేకపోతున్నాను. మందు వాడాలో వద్దో తెలియట్లేదు, ఎవరికి చూపించుకోవాలో చెప్పండి." ఇంతే చాలు. మధ్యలో ఏడుపొస్తే రానివ్వండి, అవతలివాళ్ళు ఆగుతారు, అది వాళ్ళకు రోజూ ఉండేదే.

పెట్టేసే ముందు రెండు అడగండి: "మళ్ళీ నేను ఫోన్ చేయాలా, మీరే చేస్తారా?" "ఈలోపు ఎక్కువైతే ఏం చేయాలి?" ఈ రెండూ అడక్కుండా పెట్టేస్తే మర్నాడు మళ్ళీ మొదటికొస్తారు. ఒక్కోసారి లైన్ దొరకదు, ఒక్కోసారి ఆ రోజు ఎత్తినవాళ్ళ మాట మీకు నచ్చదు. అంతమాత్రాన "ఇదంతా దండగ" అనుకోకండి, వేరే టైమ్‌లో చేస్తే వేరే మనిషి ఎత్తుతారు.

ఇల్లంతా మనుషులే ఉంటే ఎక్కడ మాట్లాడాలి

లాక్‌డౌన్‌లో రెండు గదుల ఇంట్లో ఆరుగురుంటే, ఆ ఆరుగురిలో ఒకరి గురించే మీరు చెప్పుకోవాల్సి ఉంటే, ఏ హెల్ప్‌లైన్ అయినా ఏం లాభం? ఇది నిజమైన సమస్య, దీనికి ముందే దారి చూసుకోవాలి. డాబా మీద బట్టలు ఆరేసే సమయం, ఆగి ఉన్న కారులోనో ఆటోలోనో కూర్చోవడం, పాలకో కూరగాయలకో వెళ్ళి వచ్చే దారి, ఇంట్లోవాళ్ళంతా సీరియల్ చూస్తున్నప్పుడు పెరట్లో. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే అవతలి మాట బయటికి రాదు, మీరు "ఊఁ", "అవును", "కాదు" అని మాత్రమే చెప్పగలరని మొదట్లోనే చెప్పేయండి, వాళ్ళు దానికి తగ్గట్టే ప్రశ్నలు అడుగుతారు. కాల్ చేశాక నంబర్ లిస్ట్‌లోంచి తీసేయాల్సిన పరిస్థితి ఉంటే తీసేయండి.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే అది మీ మనసు బలహీనత వల్ల వచ్చిన బాధ కాదు, ముందు మీరు క్షేమంగా ఉండాలి. మహిళలకు 181, తక్షణ ప్రమాదమైతే 112. లాక్‌డౌన్ ఉన్నా ఇల్లు వదిలి బయటపడటం తప్పు కాదు.

డాక్టర్ ఎవరు, ఎక్కడ

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మనోవ్యాధుల్లో పైచదువు చదివిన డాక్టర్, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందు రాయరు, మాటలతో, పద్ధతి ప్రకారం చేసే చికిత్స ఇస్తారు, వాళ్ళకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇక "కౌన్సెలర్", "లైఫ్ కోచ్" అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందులో మంచివాళ్ళూ ఉన్నారు గానీ కరోనా టైమ్‌లో నాలుగు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి వేలకు వేలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు, కాబట్టి డబ్బు కట్టే ముందు ఏం చదివారు, రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని అడగండి. అడిగినందుకు కోప్పడ్డారంటే ఇంకో చోటు చూసుకోండి. నిద్ర, ఆకలి పూర్తిగా పోయినా, లేనివి వినిపిస్తున్నా, చనిపోవాలనిపిస్తున్నా ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్ళాలి.

ప్రభుత్వం తరఫున హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. ఆ రెండు పేర్లూ మనవాళ్ళు తిట్టుగా వాడి వాడి పాడుచేశారు, అందుకే అక్కడికి వెళ్ళాలంటే జనానికి సిగ్గు. అక్కడ ఓపీలో చూపించుకుని మందులు తీసుకుని అదే పూట ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అంత దూరం వెళ్ళలేకపోతే మెడికల్ కాలేజీ ఉన్న ప్రతి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంటుంది. 2020లో గాంధీ ఆసుపత్రి మొత్తాన్ని కోవిడ్‌కే కేటాయించినట్టు ఓపీలు మూతపడవచ్చు, అందుకని బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఊళ్ళో ఆశా కార్యకర్తకూ ఏఎన్ఎమ్‌కూ ఏ రోజు ఎక్కడ డాక్టర్ ఉంటారో తెలుస్తుంది, ఇంటర్నెట్ కంటే వాళ్ళ మాట నమ్మకం.

ఇంట్లోంచి కదలలేని పరిస్థితిలో వీడియోలో చూపించుకోవచ్చు. 2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలతో ఇది చట్టబద్ధమైంది, ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీడీ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ ఓపీ ఉచితంగా మొదలైంది. ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ అయితే టోకెన్ వస్తుంది, మాట్లాడాక మందుచీటీ ఫోన్లోకే వస్తుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మత్తు, నిద్ర కోవకు చెందిన కొన్ని మాత్రలు ఫోన్లో రాయడానికి వీల్లేదు. డాక్టర్ రాయనన్నారని తెలిసిన షాపులో అడిగి తెచ్చుకోకండి, అల్ప్రాజోలం లాంటివి కొన్ని వారాలు వాడితే చాలు, మానడం కష్టమవుతుంది.

డిప్రెషన్ మందులు మొదలుపెట్టినవాళ్ళు మొదటి వారంలోనే "ఏం పనిచేయట్లేదు" అని మానేస్తారు. అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, మొదట్లో కడుపులో వికారం, కాస్త కంగారు ఉండొచ్చు. ఇది ముందే తెలిస్తే తట్టుకోవచ్చు.

ఇప్పటికే మనోవ్యాధికి మందు వాడుతుంటే

మీకు లాక్‌డౌన్ పుకారు వినగానే చేయాల్సిన పని ఉప్పూ పప్పూ కంటే ముందు మందులు చూసుకోవడం. కనీసం నెలకు సరిపడా ఉంచుకోండి, మందుచీటీ రెండు వైపులా ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా పెట్టండి. మాత్రలు అయిపోతే ఉన్నట్టుండి ఆపేయకుండా డాక్టర్‌కు గానీ 14416కి గానీ చేయండి.

లిథియం (బైపోలార్ జబ్బుకు ఇచ్చే మందు) వాడేవాళ్ళు జ్వరం వచ్చినప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. వాంతులు, విరేచనాలు, చెమటలతో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి, జ్వరానికి పారాసిటమాల్ వేసుకోండి. చేతులు బాగా వణుకుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, నడకలో తూలుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి లిథియం వాడుతున్నారని చెప్పండి. క్లోజపిన్ (స్కిజోఫ్రీనియాకు ఇచ్చే మందు) వాడేవాళ్ళకు జ్వరం, గొంతునొప్పి వస్తే తెల్లకణాల పరీక్ష కావాలి. లాక్‌డౌన్‌లో సిగరెట్లు దొరక్క మానేసినా ఆ మందు మోతాదు రక్తంలో పెరుగుతుంది, కాబట్టి అదీ డాక్టర్‌కు చెప్పాల్సిన విషయమే.

కోవిడ్‌కు స్టెరాయిడ్లు ఇచ్చాక కొందరికి నిద్ర పూర్తిగా పోయింది, కొందరు విపరీతంగా మాట్లాడారు, కొందరికి లేనిపోని అనుమానాలు వచ్చాయి. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనో, పిచ్చెక్కిందనో భయపడ్డారు. అది మందు వల్ల కావచ్చు, రాసిన డాక్టర్‌కు వెంటనే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

మద్యం, కల్లు ఉన్నట్టుండి ఆగిపోతే

దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన రాష్ట్రాల్లో 2020లో మానసిక వైద్యం అవసరం మొదటగా కళ్ళకు కట్టింది ఇక్కడే. మార్చి చివర్లో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ ఓపీ ముందు వణికిపోతూ, ఫిట్స్ వచ్చి, ఏవేవో మాట్లాడుతూ వచ్చినవాళ్ళు బారులు తీరారు. చాలామంది తాగుబోతులు అనిపించుకునే మనుషులు కూడా కాదు, సాయంత్రం రెండు సీసాల కల్లు తాగి పడుకునే కూలీలు. ఆ కల్లులో డైజీపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు, కాబట్టి ఆగిపోయింది కల్లు ఒక్కటే కాదు, రోజూ తెలియకుండా తీసుకుంటున్న మత్తుమందు. షాపులు తెరిచింది మే మొదటి వారంలో. జూలై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి జనం చనిపోయారు.

రోజూ తాగే మనిషి మీ ఇంట్లో ఉంటే, షాపులు మూసేస్తున్నారని తెలియగానే ఫోన్ చేయండి. "పీడా పోయింది, ఇలాగైనా మానేస్తాడు" అని సంతోషపడితే ప్రాణం మీదికి వస్తుంది. చివరిసారి తాగిన ఆరేడు గంటల నుంచే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మనిషి గందరగోళపడి, గోడల మీద పురుగులు పాకుతున్నాయనో, ఎవరో చంపడానికి వస్తున్నారనో అంటారు, జ్వరం, దడ ఉంటాయి. ఫిట్స్, గందరగోళం రెండూ ఎమర్జెన్సీలే, 108కి చేయండి, గదిలో పెట్టి తాళం వేయకండి. వణుకు దశలోనే డాక్టర్‌ను చేరితే మాత్రలు, బీ1 విటమిన్‌తో చాలావరకు గండం గట్టెక్కుతుంది. భార్యలు ఒక మాట చెబుతుంటారు, "మొన్నటిదాకా తాగొద్దని కొట్లాడి ఇప్పుడు తాగట్లేదని ఆసుపత్రికి తీసుకొచ్చాను" అని. అందులో తప్పేమీ లేదు, వైద్యం ప్రకారం అదే సరైన పని.

చివరిచూపు దొరకని దుఃఖం

మనకు చావింట్లో జనం ఉండాలి. ఎదురుగా కూర్చుని ఏడ్చేవాళ్ళు, పట్టుకునేవాళ్ళు, పొయ్యి వెలగని ఇంటికి క్యారియర్ తెచ్చేవాళ్ళు, పెద్దకర్మ దాకా ఏదో ఒక పనితో ఇంటిని నిలబెట్టేవాళ్ళు ఉండాలి. కోవిడ్‌లో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన శవాన్ని దూరం నుంచి చూపించారు, కొందరికి అదీ లేదు. ఆ దుఃఖం ఎటూ పోకుండా ఉండిపోయిందంటే ఆశ్చర్యమేముంది.

ఆగిపోయిన కార్యక్రమం ఆలస్యంగానైనా చేసుకోండి. ఏడాది తర్వాతైనా సరే, అస్థికలు కలపడమో, పెద్దకర్మలో పెట్టలేకపోయిన భోజనం సంవత్సరీకంలో పెట్టడమో, చర్చిలో ఆదరణ కూడికో, మసీదులో దువానో, మీ ఆచారం ప్రకారం ఏదైనా. పోయినవాళ్ళ పేరెత్తకుండా ఇల్లంతా జాగ్రత్తపడుతుంటే ఆ జాగ్రత్త మానండి, ఆయనకు ఏ కూర ఇష్టమో, ఎవరి మీద కోప్పడేవారో మాట్లాడుకోండి. "ఆ రోజు వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళుంటే", "నా వల్లే అంటుకుంది" అన్న మాటలు మనిషిని లోలోపల తినేస్తాయి, వాటిని కౌన్సెలర్ దగ్గర బయటికి తెండి, అవి ఇంట్లోవాళ్ళకు చెప్పుకోలేని మాటలు. ఆరు నెలలు దాటినా రోజూ మొదటి రోజులాగే ఉండి, పని, తిండి, పిల్లలు ఏవీ పట్టకపోతే దానికి ప్రత్యేకంగా చికిత్స ఉంది, సైకియాట్రిస్ట్‌తో మాట్లాడండి.

పరామర్శకు ఫోన్ చేసేవాళ్ళకు ఒక విన్నపం. ఎలా వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏ ఆసుపత్రి అని ఆరా తీయకండి, ప్రతి ఫోన్‌లో అదే కథ మొదటి నుంచి చెప్పలేక చాలామంది ఫోన్ ఎత్తడమే మానేశారు. "వదినా, రేపు మీ ఇంటికి కూరలు పంపిస్తున్నాను, గేటు దగ్గర పెట్టమంటాను" అనండి. పదో రోజు తర్వాత, అందరూ మర్చిపోయాక, మళ్ళీ చేయండి.

వాళ్ళు రానంటే, పిల్లలైతే, పెద్దవాళ్ళైతే

"నాకేం పిచ్చా?" అనే నాన్నతో డిప్రెషన్ అనే మాట ఎత్తకండి. "మీకు నిద్ర సరిగ్గా పట్టట్లేదు కదా, నిద్రకు ఒకసారి మాట్లాడదాం" అంటే వింటారు, నిద్ర గురించి డాక్టర్‌తో మాట్లాడటానికి ఎవరికీ నామోషీ లేదు. అప్పటికీ రాకపోతే మీరే 14416కి చేసి ఇంట్లో మనిషి గురించి అడగండి, కుటుంబం వాళ్ళు కూడా చేయొచ్చు. ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల కోసం 14567, వృద్ధుల హెల్ప్‌లైన్, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఉంటుంది.

పిల్లలు దిగులును దిగులుగా చూపించరు. పక్క తడపడం, ఊరికే అలగడం, కడుపునొప్పి, ఫోన్‌కు అతుక్కుపోవడం, తల్లి బాత్రూమ్‌కు వెళ్ళినా వెంటపడటం. చుట్టూ ఏం జరుగుతోందో వాళ్ళ వయసుకు తగ్గట్టు నిజమే చెప్పండి, తాతయ్య ఊరెళ్ళారని అబద్ధం చెప్పకండి. ఇద్దరు తల్లిదండ్రులూ పోయిన లేదా ఆసుపత్రిలో ఉన్న పిల్లల గురించి తెలిస్తే 1098కి చెప్పండి.

దేశం బయట ఉంటే

14416 అక్కడి నుంచి కలుస్తుందని నమ్ముకోకండి, ఉన్న దేశం నంబరే పెట్టుకోండి. అమెరికాలో 988, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ 111కి చేసి మానసిక ఆరోగ్యానికి 2 నొక్కాలి, ఆస్ట్రేలియాలో 13 11 14. గల్ఫ్‌లో లేబర్ క్యాంపుల్లో ఉన్న మన జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాలవాళ్ళకు ఇంకో జాగ్రత్త చెప్పాలి. ఇక్కడ మామూలుగా దొరికే నిద్ర మాత్రలు, ఆందోళనకు వాడే మాత్రలు కొన్ని అక్కడ నియంత్రణలో ఉంటాయి, యూఏఈలో వాటికి ముందస్తు అనుమతి కావాలి. తెలిసినవాళ్ళ బ్యాగులో పంపిస్తే తెచ్చిన మనిషి జైలుకు పోవచ్చు. మందుచీటీ తీసుకుని అక్కడి డాక్టర్‌కే చూపించండి, భాష సమస్య అయితే భారత రాయబార కార్యాలయాన్ని అడగండి.

డబ్బు, గోప్యత

ప్రభుత్వ ఓపీ, టెలి మానస్ ఉచితం. ప్రైవేటులో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఒక్కో సిట్టింగ్‌కు ఎంత, ఎంతసేపు, రాలేకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా అని అడగండి. ఆరోగ్య బీమాలో మిగతా జబ్బులతో సమానంగా మనోవ్యాధుల్నీ చూడాలని 2017 చట్టం చెప్పింది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, కౌన్సెలింగ్ ఫీజు ఇవ్వకపోవచ్చు, పాలసీ కాగితం చూసుకోండి. క్లెయిమ్ కాదన్నారంటే కారణం రాతపూర్వకంగా అడగండి.

మీ వివరాలు గోప్యంగా ఉంచడం అదే చట్టంలో మీ హక్కు. పెళ్ళి సంబంధాలు, ఉద్యోగం గురించి భయపడి చాలామంది మారుపేరుతో ఫోన్ చేస్తారు, హెల్ప్‌లైన్ వరకు అది ఫరవాలేదు. మందు రాసే డాక్టర్ దగ్గర మాత్రం అసలు పేరు, అసలు వయసు, తాగుడుతో సహా అసలు అలవాట్లు చెప్పాలి, లేకపోతే మందు మోతాదు తప్పుతుంది. మీ తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి మీకు నమ్మకమున్న మనిషిని ముందే రాసి ఇచ్చుకునే వీలూ ఆ చట్టంలో ఉంది. జబ్బు తిరగబెట్టే అవకాశం ఉన్నవాళ్ళు బాగున్నప్పుడే ఆ పని చేసుకోండి.

కాస్త తేలికపడ్డాక మందు ఆపేద్దామనిపిస్తుంది. ఆపే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి, డిప్రెషన్ తగ్గాక కూడా సాధారణంగా కొన్ని నెలలు కొనసాగించమంటారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ క్యాలెండర్‌లో రాసి, ఇంట్లో ఇంకొకరికి చెప్పి ఉంచండి.